ఆ జాగ్రత్తను ఎన్నిసార్లు గుర్తుపెట్టుకోవాలి?

విదేశానికి విమానం ఎక్కబోతున్న మనిషిని ఆపి మలేరియా ఎలా వస్తుందని అడిగితే దోమ కుడితే వస్తుందని ఠక్కున చెబుతాడు. బయటి నీళ్లతో కడుపు చెడుతుందనీ, కుక్క కరిస్తే టీకా వేయించుకోవాలనీ తెలియనివాళ్లు అరుదు. అదే మనిషిని దోమల మందు సంచిలో పెట్టుకున్నారా, మలేరియా మాత్రలు మొదలుపెట్టారా, ధనుర్వాతం టీకా ఆఖరిసారి ఎప్పుడు వేయించుకున్నారు అని అడిగి చూడండి. నసుగుడు మొదలవుతుంది. 2002-03లో యూరప్ విమానాశ్రయాల్లో, వర్ధమాన దేశాలకు బయల్దేరుతున్నవాళ్లను ప్రశ్నించిన పెద్ద సర్వేలో, ముందుగా ఎవరినో ఒకరిని ఆరోగ్య సలహా అడిగి వచ్చినవాళ్లు సుమారు సగం మందే. ఆ తర్వాత వేరే చోట్ల జరిగిన ఇలాంటి సర్వేల్లోనూ తెలిసినదానికీ చేసినదానికీ మధ్య ఎడం కనిపిస్తూనే ఉంది.

ఆ ఎడం పూడ్చడానికి మామూలుగా జరిగే పని ఇంకాస్త సమాచారం ఇవ్వడం. నలభై జాగ్రత్తలున్న జాబితా ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు. అందులో అన్నీ నిజాలే, అన్నీ ఒకే వరసలో, ఒకే బరువుతో ఉంటాయి. దానితో పెద్దగా ఉపయోగం లేదని నా అభిప్రాయం. ప్రతి జాగ్రత్తనీ ముందు ఒక ప్రశ్న అడగాలి: దీన్ని ప్రయాణం మొత్తంలో ఎన్నిసార్లు గుర్తుపెట్టుకోవాలి? ఒక్కసారి చేస్తే తీరిపోయేవి నిలుస్తాయి. రోజూ చేయాల్సినవి నాలుగో రోజుకి జారిపోవడం మొదలవుతుంది. ఇంటికి తిరిగొచ్చాక కూడా కొనసాగించాల్సినవి అన్నిటికంటే ముందు గాలికి పోతాయి. కాబట్టి వీలైనంత భారాన్ని మొదటి రకం మీద వేయాలి, మిగిలినవాటికి బయల్దేరకముందే తారీఖులు రాసుకోవాలి.

మొదటి రకంలో పెద్దవి టీకాలు. ప్రయాణికులకు టీకాలు, సలహాలు ఇచ్చే ట్రావెల్ క్లినిక్‌కి బయల్దేరే రోజుకి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్లమని చెప్పేది ఊరికే కాదు. దోమల వల్ల వచ్చే మెదడువాపు జబ్బు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా రెండు డోసుల మధ్య మామూలుగా 28 రోజులు ఉండాలి. పెద్దవాళ్లకి ఏడు రోజుల తేడాతో ఇచ్చే పద్ధతి ఉన్నా అది ఆలస్యమైనవాళ్ల కోసం. రేబిస్ ముందస్తు టీకా సున్నా, ఏడో రోజుల్లో. టైఫాయిడ్ ఇంజెక్షన్ పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఎల్లో ఫీవర్ (ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో దోమల వల్ల వచ్చే జబ్బు) సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. ఇవన్నీ కలిపి వెనక్కి లెక్కపెడితే నెల రోజులు తేలతాయి. రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళ గుర్తొచ్చినా వెళ్లడమే మంచిది. హెపటైటిస్ ఎ సోకాక బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. అందుకే ఆఖరి రోజున వేసుకున్న ఒక్క డోసు కూడా ఆరోగ్యవంతుల్ని కాపాడుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. టైఫాయిడ్ టీకా రక్షణ పాక్షికం, పారాటైఫాయిడ్‌కి అది అసలే పనిచేయదు. ఇంజెక్షన్ ప్రభావం రెండు మూడేళ్లే ఉంటుంది. ఎప్పుడో కాలేజీ రోజుల్లో వేయించుకున్నదాన్ని నమ్ముకోకండి.

ఎల్లో ఫీవర్ విషయంలో తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతాయి. జనం గమ్యస్థానం నియమాలు చూసుకుంటారు, మధ్యలో విమానం మారే దేశాన్ని చూసుకోరు. ఆ జబ్బు ఉన్న దేశంలోని విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే, తర్వాత దిగే దేశాల్లో చాలావాటికి మీరు అక్కడి నుంచి వచ్చిన ప్రయాణికుడి కిందే లెక్క. సర్టిఫికెట్ లేకపోతే వెనక్కి పంపవచ్చు, విడిగా ఉంచవచ్చు. పసుపు కార్డు, అంటే ఆ టీకా సర్టిఫికెట్, మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, టీకా బ్యాచ్ నంబరు, తారీఖు, సంతకం, కేంద్రం ముద్ర అన్నీ ఉన్నాయా అని క్లినిక్ గుమ్మం దాటకముందే చూసుకోండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా సరిహద్దులో తంటానే. పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా కంగారు పడక్కర్లేదు. 2016 జూలై 11 నుంచి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గర్భిణులు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, మొదటిసారి వేయించుకునే అరవై దాటినవాళ్లు డాక్టరుతో విడిగా మాట్లాడాకే నిర్ణయించుకోవాలి. వద్దంటే మినహాయింపు పత్రం రాయించుకుని వెంట ఉంచుకోవాలి.

హజ్, ఉమ్రాలకు వెళ్లేవాళ్లకు నాలుగు రకాల మెనింజైటిస్‌కి పనిచేసే టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసింది. అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. తట్టు సంగతి చాలామందికి తట్టదు. అది ఎక్కడో దూరదేశపు జబ్బు కాదు. రోగి గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల దాకా గాలిలో ఉండగలిగే వైరస్. విమానాశ్రయం దానికి అనువైన చోటు. ఆరు నుంచి పదకొండు నెలల పసిబిడ్డతో విదేశం వెళ్తుంటే ఒక డోసు ముందే వేయిస్తారు. దాన్ని మామూలు రెండు డోసుల లెక్కలో కలపకూడదు, ఏడాది నిండాక ఆ రెండూ మళ్లీ వేయించాలి.

ఇక మలేరియా మాత్రలు. ఇది రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన రకం, పైగా తిరిగొచ్చాక కూడా. అందుకే ఇంత మంచి మందులున్నా ప్రయాణికులు మలేరియాతో ఆస్పత్రిలో చేరుతూనే ఉన్నారు. మాత్రలు ఎందుకు కొనసాగించాలో ఎవరూ వివరంగా చెప్పకపోవడం ఇందులో పెద్ద లోపం. ఆ వివరం ఇది. దోమ కుట్టినప్పుడు లోపలికి వెళ్లిన పరాన్నజీవి కొద్దిసేపట్లోనే కాలేయంలో చేరుతుంది. అక్కడ వారం, కొన్నిసార్లు రెండు వారాలు పెరిగి, వేలాదిగా విడిపోయి రక్తంలోకి దిగుతుంది. జ్వరం అప్పుడు మొదలవుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ ముఖ్యంగా రక్తంలోకి దిగినవాటిని చంపుతాయి, కాలేయంలో ఉన్నవాటి జోలికి అంతగా పోవు. ప్రయాణం ఆఖరి రాత్రి దోమ కుట్టిందనుకోండి. విమానంలో మీరు నిద్రపోతుంటే అవి కాలేయంలో పెరుగుతుంటాయి. ఇంటికొచ్చాం కదా అని మాత్ర ఆపేస్తే, అవి రక్తంలోకి దిగే రోజుకి అక్కడ మందు ఉండదు. అందుకే ఈ రెండు మందులూ తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలో ఉన్న దశ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి ఏడు రోజులు చాలు.

రెండు వారాల ప్రయాణానికి లెక్క కడదాం. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ బయల్దేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెడితే 2, అక్కడ 14, వచ్చాక 7, మొత్తం 23 మాత్రలు. డాక్సీసైక్లిన్ 2, 14, 28 కలిపి 44. రెండూ సరిగ్గా వాడితే బాగా కాపాడేవే. అయితే మీరు మాత్రలు మరిచిపోయే మనిషైతే, డాక్టరు రెండిటికీ సరేనంటే, 23 ఉన్నదాన్నే ఎంచుకోండి. ఇరవై ఒక్క రోజులు తక్కువ గుర్తుపెట్టుకోవడం కూడా మందు గుణాల్లో ఒకటిగానే లెక్కేయాలి. మెఫ్లోక్విన్ వారానికి ఒకటే కావడం సౌకర్యమే గానీ, కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. పీడకలలు, ఆందోళన, తల తిరగడం లాంటివి వస్తే ఇంటి దగ్గరే తెలిసిపోయి మందు మార్చుకునే వీలుంటుంది. మానసిక సమస్యలు, ఫిట్స్ ఉన్నవాళ్లకు అది వద్దు.

వాడే తీరులో జరిగే పొరపాట్లు కూడా చిన్నవి కావు. అటోవాక్వోన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, కాస్త కొవ్వున్న భోజనంతోనో పాలతోనో వేసుకోవాలి. వేసుకున్న గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్‌ని రెండు గుక్కల నీళ్లతో మింగి పక్క మీద వాలిపోతే అది గొంతు గొట్టంలోనే ఇరుక్కుని పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, ఆ తర్వాత కాసేపు కూర్చునో నిలబడో ఉండాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందులు దానితో కలిపి వేసుకుంటే పనితనం తగ్గుతుంది. ఎండకు చర్మం కమిలిపోయే గుణం కూడా ఉంది. రోజూ ఒకే భోజనంతో ముడిపెట్టండి. మధ్యాహ్నం ఎక్కడుంటారో తెలియని ప్రయాణాల్లో రాత్రి భోజనమే నయం. వచ్చాక వేసుకోవాల్సిన ఆఖరి మాత్ర తారీఖును బయల్దేరకముందే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి, మిగిలిన మాత్రల స్ట్రిప్‌ని తిరుగు ప్రయాణంలో చేతిసంచిలోనే ఉంచండి. పెద్ద పెట్టెలో పెడితే అది విప్పేదాకా రెండు మూడు రోజులు పోతాయి.

మాత్ర వేసుకుంటున్నాం కదా అని దోమని వదిలేయకూడదు. మాత్ర మలేరియాకే. డెంగీ, జికా, చికున్‌గున్యాలకు ఆ మాత్రతో పని లేదు. మలేరియా దోమ మునిమాపు నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. డెంగీ దోమ పగటిది, పొద్దున పూట, మళ్లీ సూర్యాస్తమయానికి ముందు జోరుగా ఉంటుంది. ఒంటికి రాసుకునే మందులో డీట్ 20 నుంచి 50 శాతం, లేదా పికారిడిన్ 20 శాతం ఉండేలా చూసుకోండి. శాతం పెరిగితే మందు ఎక్కువసేపు పనిచేస్తుంది తప్ప ఘాటు పెరగదు. పది శాతం డీట్ గంటా రెండు గంటలకే దిగిపోతుంది, యాభై దాటాక పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక పైన దోమల మందు రాయాలి. రెండూ కలిపి అమ్మే క్రీములు కొనొద్దు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, దోమల మందు అన్నిసార్లు అక్కర్లేదు, ఒకే సీసాలో ఉంటే రెండిట్లో ఏదో ఒకటి తప్పుతుంది. డీట్ ప్లాస్టిక్‌ని, కళ్లద్దాల ఫ్రేముల్ని పాడుచేస్తుంది, రాశాక చేతులు కడుక్కుని ఫోన్ పట్టుకోండి. వెల్లుల్లి, బి1 విటమిన్ మాత్రలు, శబ్దం చేసే యంత్రాలు దోమను ఆపవు.

ఇక్కడ కూడా ఒక్కసారి చేసే పనులు రెండున్నాయి. వేసుకెళ్లే బట్టలకు 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి నీడన ఆరబెడితే సుమారు ఆరు ఉతుకుల దాకా పనిచేస్తుంది. ఇది బట్టలకే, ఒంటికి రాయకూడదు. తడిగా ఉన్నంతసేపు పిల్లుల్ని దగ్గరికి రానివ్వకండి, వాటికి అది విషం. రెండోది దోమతెర. గదిలోకి దిగిన వెంటనే, ఇంకా వెలుతురు ఉండగానే దాన్ని కట్టి చూడాలి. ఫోన్ లైటు ఒకవైపు నుంచి వేసి రెండోవైపు నుంచి చూస్తే చిరుగులు కనిపిస్తాయి. దారం లేకపోతే ప్లాస్టర్ ముక్క రెండువైపులా అంటించినా చాలు. అంచుల్ని నేల మీదికి వదిలేయకుండా పరుపు కింద నాలుగువైపులా దోపి, లోపల ముందే చొరబడ్డ దోమలున్నాయేమో వెతికి, అప్పుడు లోపలికి వెళ్లాలి. పడుకున్నాక మోచేయో కాలో తెరకి ఆనుకుంటే దోమ బయటి నుంచే కుడుతుంది. మంచం ఇరుకైతే ఆనే వైపు దిండ్లు పెట్టండి. మందు పట్టించిన తెరైతే ఈ ఇబ్బంది కూడా తగ్గుతుంది.

ప్రయాణికుల్లో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లకి తాము ప్రయాణికులమనే అనిపించదు. పుట్టిన దేశానికి బంధువుల్ని చూడడానికి వెళ్లేవాళ్లు వీళ్లు. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో బయటపడే మలేరియా కేసుల్లో పెద్ద వాటా వీళ్లదే. మలేరియా ఉన్నచోట పెరిగినవాళ్లకి వచ్చే పాక్షిక రక్షణ, ఆ ప్రాంతం వదిలి వెళ్లాక కాలంతోపాటు కరిగిపోతుంది. విదేశంలో పుట్టిన పిల్లలకి అది అసలే ఉండదు. 'మాకు చిన్నప్పటి నుంచి అలవాటే' అన్న మాట శరీరానికి సంబంధించినంత వరకు ఇక నిజం కాదు. వీళ్లు హోటళ్లలో కాకుండా ఇళ్లలో, ఊళ్లలో ఉంటారు, ఎక్కువ వారాలు ఉంటారు, చావు కబురు విని రెండు రోజుల్లో బయల్దేరుతారు. క్లినిక్‌కి వెళ్లేది చాలా తక్కువ.

వీళ్లకి చుట్టం ఇంట్లో నీళ్లు తాగొద్దనే సలహా ఇవ్వడం దండగ. మేనత్త చేత్తో ఇచ్చిన గ్లాసు ఎవరు వద్దంటారు? అనకూడదు కూడా. ఆ సలహా ఇచ్చిన వైద్యుడు ఇక ఏం చెప్పినా ఆ మనిషి వినడం మానేస్తాడు. తిరస్కరించలేని చోట ముందే రక్షణ ఉండాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు అందరికంటే వీళ్లకి అవసరం. పిల్లలకి మలేరియా మాత్రలు బరువును బట్టి రాయించుకోవాలి. దోమతెర తీసుకెళ్తే ఇల్లంతటికీ సరిపడా తీసుకెళ్లి కానుకగా ఇవ్వొచ్చు, ఒక్కరే తెరలో పడుకున్న ఇబ్బంది ఉండదు. తరచూ వెళ్లి వచ్చేవాళ్లు ప్రయాణం ఖరారు కాకముందే టీకాలన్నీ పూర్తిచేసి పెట్టుకుంటే హఠాత్తుగా బయల్దేరాల్సి వచ్చినా ఇబ్బంది పడరు.

తిండి జాగ్రత్తల మీద నాకు నమ్మకం తక్కువ. ఉడికించు, మరిగించు, తొక్క తీయి, లేదా వదిలేయి అనే సూత్రం దశాబ్దాలుగా చెబుతున్నారు. దాన్ని గట్టిగా పాటించినవాళ్లకు విరేచనాలు తగ్గాయని అధ్యయనాలు నిలకడగా చూపించలేకపోయాయి. కారణం ఊహించవచ్చు. రోజుకి పది పదిహేనుసార్లు ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటాం, ప్రతిసారీ గుర్తుండదు. గుర్తున్నా వంటవాడి చేతులు మన అదుపులో లేవు. సూత్రాన్ని పూర్తిగా వదలమనడం లేదు. పొగలు కక్కుతూ వచ్చిన పదార్థం మంచిది. గంటల తరబడి గోరువెచ్చగా ఉంచిన బఫే వంటకం పచ్చి కూరగాయలంత ప్రమాదం. మంచు ముక్క కూడా నీళ్లే. నీళ్లు బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. తినేముందు సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడం అన్నిటిలోకి లాభసాటి అలవాటు, శానిటైజర్ నోరోవైరస్‌ని సరిగా చంపలేదు. అయినా కడుపు చెడవచ్చు. చెడితే ఏం చేయాలో ముందే తెలిసి, మందు సంచిలో ఉండడం ముఖ్యం.

మొదటి మందు ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మొత్తాన్ని లీటరు శుభ్రమైన నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో కలిపేస్తే చిక్కబడి విరేచనాలు పెరుగుతాయి, పసిపిల్లల్లో ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు తలగొట్టిన చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే. పెద్దవాళ్లు బస్సులో గంటలు కూర్చోవాల్సి వస్తే విరేచనాలను ఆపే లోపెరమైడ్ ముందు 4 మిల్లీగ్రాములు, ఆపైన నీళ్ల విరేచనం అయినప్పుడల్లా 2. డాక్టరు సలహా లేకుండా రోజుకి 8 మిల్లీగ్రాములు దాటొద్దు. రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా అది వేసుకోకూడదు.

యాంటీబయాటిక్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. రెండుసార్లు విరేచనం కాగానే వేసుకునే వాడకం మానాలి. ఎక్కువ కేసులు మూడు నుంచి ఐదు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. నెదర్లాండ్స్ ప్రయాణికుల మీద జరిగి 2017లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, విదేశం వెళ్లొచ్చినవాళ్లలో మూడో వంతు మంది పేగుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా కొత్తగా చేరింది. దక్షిణాసియా వెళ్లొచ్చినవాళ్లలో ఆ వాటా నాలుగింట మూడు వంతులు. అక్కడున్నప్పుడు యాంటీబయాటిక్ వాడడం ఆ ముప్పును పెంచింది. ఆ బ్యాక్టీరియా కొందరిలో నెలల తరబడి ఉంటుంది, ఇంట్లోవాళ్లకు అంటుకోగలదు. లేవలేనంత తీవ్రంగా ఉంటే, రక్తం, జ్వరం ఉంటే డాక్టరు ముందే రాసిచ్చిన అజిత్రోమైసిన్ వాడండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కి ఆసియాలో చాలాచోట్ల బ్యాక్టీరియా లొంగడం లేదు.

రేబిస్ దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క పదిహేను నిమిషాలు. కుక్క, కోతి, గబ్బిలం ఏది కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, రెండు నిమిషాలకే చాలా అయినట్టు అనిపిస్తుంది. కుట్లు వెంటనే వేయించుకోవద్దు. అదే రోజు టీకా మొదలవ్వాలి. ముందస్తు టీకా లేనివాళ్లకు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే, ముందే తయారుచేసిన యాంటీబాడీలు) కూడా ఎక్కించాలి, చిక్కంతా అక్కడే. అది చాలా దేశాల్లో పెద్ద నగరాల్లో తప్ప దొరకదు, కొన్నిచోట్ల అక్కడా దొరకదు. ముందస్తుగా రెండు డోసులు వేయించుకున్నవాళ్లకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు, కరిచిన రోజు, మూడో రోజు టీకా చాలు. పిల్లలతో పల్లెలకు, ట్రెకింగ్‌లకు వెళ్లేవాళ్లు ఇది వేయించుకోవడం ఎంతో మేలు. పిల్లలు జంతువుల దగ్గర వంగుతారు, మొహం మీద కరుస్తాయి, తిడతారని చెప్పరు. కుక్క ఆరోగ్యంగా కనిపించిందన్నది సాకుగా పనికిరాదు. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు చికిత్స దాదాపు లేదు.

ఇన్ని సూక్ష్మజీవుల గురించి చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. విదేశాల్లో చనిపోయే ప్రయాణికుల్లో అంటువ్యాధులతో పోయేవాళ్లు చాలా కొద్దిమంది. పెద్దవాళ్లు ఎక్కువగా గుండెజబ్బులతో పోతారు, వయసులో ఉన్నవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో, ఆ తర్వాత నీళ్లలో మునిగి. ఇంటి దగ్గర హెల్మెట్ లేకుండా బండి తీయనివాళ్లు సెలవుల్లో అద్దె స్కూటర్ మీద ఒట్టి తలతో తిరుగుతారు. బెల్టు లేని కారు ఎక్కకపోవడం, రాత్రిపూట ఊళ్ల మధ్య రోడ్డు ప్రయాణం పెట్టుకోకపోవడం టికెట్లు కొనేటప్పుడే తీసుకోదగ్గ నిర్ణయాలు. బీమా పత్రంలో రెండు చోట్ల చూడండి: వేరే దేశానికి రోగిని తరలించే ఖర్చు ఇస్తారా, లైసెన్సు లేని ద్విచక్ర వాహనం, మద్యం, డైవింగ్ లాంటివి మినహాయించారా. గుండెజబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు మందులు అసలు ప్యాకింగ్‌లో, మందు జెనరిక్ పేరుతో ఉన్న చీటీతో చేతిసంచిలో పెట్టుకోవాలి. ఇన్సులిన్ కింది సామాన్లలో గడ్డకట్టి పాడవుతుంది. మామూలు జలుబు మందైనా కొన్ని దేశాల్లో నేరం కావచ్చు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న మందుల్ని జపాన్ అనుమతించదు.

తిరిగొచ్చాక జ్వరం వస్తే, అది మామూలు జ్వరమని ఎవరు చెప్పినా, మలేరియా కాదని తేలేదాకా మలేరియాగానే చూడాలి. ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకం దోమ కుట్టిన వారం నుంచి మూడు నెలల్లోపు బయటపడుతుంది. వైవాక్స్ అనే మరో మలేరియా రకం కాలేయంలో నిద్రాణంగా ఉండి నెలల తర్వాత, ఏడాది తర్వాత కూడా లేస్తుంది. పైన చెప్పిన మూడు మాత్రలూ ఆ నిద్రాణ దశను చంపలేవు. మాత్రలన్నీ వేసుకున్నాను కాబట్టి రాదనుకోవడం అందుకే తప్పు. ఫాల్సిపారమ్ ఒకటి రెండు రోజుల్లో మెదడు దాకా పోగలదు, కాబట్టి పరీక్ష అదే రోజు చేయించాలి. మొదటి రక్తపరీక్షలో ఏమీ కనబడకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మరో రెండుసార్లు చేయాలి. చాలామంది మొదటిదాంతోనే ఇంటికి వెళ్లిపోతారు. డెంగీ రెండు వారాల్లోపే వస్తుంది. అది కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు.

డాక్టరు గదిలోకి వెళ్లగానే, ఆయన అడగకముందే, ఏ దేశంలో ఏ ఊళ్లు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు, ఏ మాత్ర, ఎన్ని రోజులు మానేశారో చెప్పండి. తిరుగు విమానంలోనే ఫోన్‌లో నాలుగు లైన్లు రాసి పెట్టుకుంటే జ్వరంలో గుర్తు తెచ్చుకోవాల్సిన పని ఉండదు. ఆ లైన్ల కిందే ఇంకో రెండు తారీఖులు రాయండి. మలావీ సరస్సు లాంటి ఆఫ్రికా మంచినీటి చెరువుల్లో ఈదివుంటే, లక్షణాలు లేకపోయినా రెండు మూడు నెలల తర్వాత షిస్టోసోమియాసిస్ (ఆ నీళ్లలోంచి చర్మం గుండా దూరే పురుగుల జబ్బు) రక్తపరీక్ష, ఎందుకంటే అంతకుముందు చేస్తే పట్టుబడకపోవచ్చు. హెపటైటిస్ ఎ మొదటి డోసు వేయించుకునివుంటే, ఆ రోజు నుంచి ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య రెండోది.